వెనకవాళ్ళే ముందు

పోస్టమ్మకి తొందర అంటే గిట్టదు. ముప్పయ్యేళ్ళు సైకిలు మీద ఉత్తరాలు పంచి, ఆ ముప్పయ్యేళ్ళూ ఆలస్యమైందని అందరి చేతా మాటలు పడ్డ మనిషి. రిటైరైన మర్నాడే చేతి గడియారం తీసి బీరువాలో పాత దుప్పట్ల అడుగున పడేసి, "ఇక ఈ జన్మకి నన్నెవరూ తరమక్కర్లేదు" అని ప్రకటించింది. అక్కడితో ఊరుకుందా? ఊరుకుంటే ఆవిడ పోస్టమ్మ ఎందుకవుతుంది! సైకిలు రిపేరు షాపులో ముందుగది అద్దెకి తీసుకుని, గుమ్మం మీద బోర్డు కట్టించింది: "కుటుంబాలకి, కొత్తగా నేర్చుకున్నవాళ్ళకి, మోకాళ్ళ నొప్పులవాళ్ళకి శని ఆదివారాల తీరిక సైకిలు ట్రిప్పులు. తొందర ఉన్నవాళ్ళు బస్సెక్కండి."

ఆవిడ పని ఆషామాషీగా ఉండదు. ఏ ట్రిప్పు వేసినా ముందు వారంలో ఒకరోజు ఒక్కర్తే వెళ్ళి దారంతా చూసుకొస్తుంది. ఎక్కడ నీడ ఉంది, ఎక్కడ కుళాయి ఉంది, ఏ గేటు దగ్గర కుక్క ఉంది, దాన్ని ఏమని పిలిస్తే ఊరుకుంటుంది, ఏ మలుపు దగ్గర పిల్లలకి ఏడుపొస్తుంది, ఏ ఎత్తు దగ్గర మగవాళ్ళు ఫోనొచ్చినట్టు నటించి దిగిపోతారు, అన్నీ నోటుబుక్కులో ఎక్కాల్సిందే.

ఇక ఆవిడ రూళ్ళు రెండు. మొదటిది, గుంపులో అందరికంటే నెమ్మదైన మనిషి ముందు తొక్కాలి, ఎవరూ ఆ మనిషిని దాటకూడదు. అలాగైతే ఏ ఒక్కరూ వెనకబడిపోరని ఆవిడ సిద్ధాంతం. రెండోది ముద్ర. ప్రతి మనిషికీ గళ్ళు గీసిన ఒక కార్డిస్తుంది. ఆగిన ప్రతిచోటా ఒక గడిలో ధడేలుమని గుండ్రటి ముద్ర కొడుతుంది. ఆఖరి గడిలో ముద్ర పడితేనే ట్రిప్పు అయినట్టు. మధ్యలో వానొచ్చి ఆగిపోతే, వచ్చే శనివారం ఆగినచోటి నుంచే మళ్ళీ మొదలు. పోస్టాఫీసు బుద్ధులు ఎక్కడికి పోతాయి?

ఇలా హాయిగా సాగుతుండగా ఒక బుధవారం మధ్యాహ్నం కూతురొచ్చింది. కూతురు తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు. పది గ్రాములు తేడా వస్తే సొంత మేనమామ కొట్టయినా సరే మూయించే రకం. వచ్చి స్టూలు మీద కూర్చుని, చైనుకి నూనె పెడుతున్న తల్లితో చెప్పింది.

"అమ్మా, మేమిద్దరం విడిపోదామనుకుంటున్నాం."

"ఎవరు?" అంది పోస్టమ్మ. "ఏ ఇద్దరు?"

"నేనూ, ఆయనా."

"కొట్టాడా?"

"లేదు."

"తాగాడా?"

"లేదమ్మా. ఇంకెవరూ లేరు కూడా, అది అడక్కు. ఇద్దరం మంచివాళ్ళమే. ఒకే ఇంట్లో ఉంటే మాత్రం కాదు."

పోస్టమ్మ చేతిలో నూనె డబ్బా ఒరిగి, నూనంతా నేలపాలైంది. నిజం చెప్పొద్దూ, ఆవిడకి కూతురి మీద కంటే అల్లుడి మీద ఒక పిసరు ప్రేమ ఎక్కువే. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు అతను. మాట తక్కువ. ఆదివారం పొద్దున్నే వచ్చి, ఎవరూ అడక్కుండానే ఆవిడ సైకిలు బ్రేకులు బిగించి, టీ తాగుతూ, ఆవిడ వందోసారి చెప్పే కథని మొదటిసారి వింటున్నట్టు వినేవాడు. అలా వినే మనిషి ఈ లోకంలో ఇంకొకడు దొరుకుతాడా?

"పాపకి మాటిచ్చాం," అంది కూతురు. "పక్క చక్రాలు తీసేసి తొక్కడం వచ్చిందంటే ముగ్గురం కలిసి నీ పద్నాలుగు కిలోమీటర్ల ట్రిప్పుకొస్తామని. దానికొచ్చేసింది. ఈ శనివారం వస్తాం. ట్రిప్పు అయ్యాక సోమవారం లాయరు దగ్గరికెళ్తాం."

"ట్రిప్పు అయ్యాకేనా?"

"అయ్యాకే. మాటంటే మాటే."

కూతురు వెళ్ళిపోయాక పోస్టమ్మ కాసేపు ఏడ్చింది. తరవాత మొహం కడుక్కుంది. కడుక్కుంటూండగానే బుర్రలో దీపం వెలిగింది. ట్రిప్పు అయితేనే కదా లాయరు! అవ్వకపోతే?

శనివారం పొద్దున్న గుంపు షాపు ముందు తయారైంది. కూతురు, అల్లుడు, ఏడేళ్ళ మనవరాలు, పళ్ళ డాక్టరు ఒకాయన, రెండు సీట్ల సైకిలు మీద దర్జీ, అతని భార్య. ఆ సైకిలు వెనక సీట్లో కూర్చున్న దర్జీ భార్య ఏనాడూ పెడలు తొక్కిన పాపాన పోలేదు. దర్జీకి ఆ సంగతి తెలియదు, ఈ సైకిలు ఇంత బరువేమిటా అనుకుంటూ ఏళ్ళుగా తొక్కుతున్నాడు. రిజర్వాయరు గట్టు మీద పార్కు దాకా పద్నాలుగు కిలోమీటర్లు, ఎనిమిది చోట్ల ఆగడం, మధ్యాహ్నానికి అయిపోవాలి. పోస్టమ్మ మోకాలు పట్టుకుని "అబ్బా" అంది.

"ఇవాళ నా మోకాలు బాగాలేదు. అందరికంటే నెమ్మది నేనే. కాబట్టి ముందు నేను."

రూలు రూలే.  ఆవిడ ముందు తొక్కింది. తొక్కింది అనడం కూడా ఎక్కువే. సైకిలు పడిపోకుండా ఎంత నెమ్మదిగా పోవచ్చో అంత నెమ్మదిగా పోయింది. ముందు చక్రం అటు అంగుళం, ఇటు అంగుళం ఊగుతూ, అసలు పోతోందా నిలబడిందా అని వెనకవాళ్ళకి అనుమానం వచ్చేట్టు. వీధి మలుపులో ఒక ఎర్ర పోస్టుడబ్బా ఉంటే దిగి, దాని గురించి గంటన్నర చెప్పింది. అవతల ఒక కాంపౌండు గోడ ఉంటే, అది చాలా నిటారుగా ఉందని మెచ్చుకుని అక్కడే మధ్యాహ్నం చేసింది. మర్నాడూ అదే వరస, ఆదివారం సాయంత్రానికి మూడొందల మీటర్లు వచ్చారు. సైకిళ్ళు పశువుల ఆసుపత్రి షెడ్డులో పెట్టి, బస్సెక్కి ఇంటికొచ్చారు. కండక్టరు టికెట్టు కొడుతూ, "ఈ మాత్రానికి బస్సా?" అన్నాడు.

"మిగతాది వచ్చే శనివారం," అంది పోస్టమ్మ, ఆకాశం కేసి చూపిస్తూ. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు.

ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు. పోస్టమ్మ దగ్గర ఆలస్యమే అమృతమైంది. ఎనిమిది గళ్ళున్న కార్డు మీద ఆవిడ పెన్సిలూ స్కేలూ పెట్టి కొత్త గళ్ళు గీసేది. చోటు చాలకపోతే కాగితం అతికించేది. రెండు నెలలు తిరిగేసరికి ఒక్కొక్కరి కార్డు విప్పితే దుప్పటంత అయ్యేది, మడవడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చేది. పొద్దున్న బస్సులో మూడు కిలోమీటర్లు వెళ్ళి, మూడొందల మీటర్లు తొక్కి, సాయంత్రం మళ్ళీ బస్సులో తిరిగొచ్చేవాళ్ళు. కండక్టరు అడగడం మానేశాడు.

మనిషి దేనికైనా అలవాటు పడతాడంటారు. ఈ గుంపు పడ్డంత త్వరగా ఎవరూ పడి ఉండరు. పళ్ళ డాక్టరు మడత కుర్చీ తెచ్చుకుని, ఆగినచోట పేషెంట్లని చూడడం మొదలుపెట్టాడు. "శనివారం నాలుగో కిలోమీటరు రాయి దగ్గరికి రండి, ఆదివారమైతే రాయి దాటాక" అని చీటీ మీద రాసిచ్చేవాడు. దర్జీ భార్య కుట్టుమిషను క్యారియరుకి కట్టించింది. దర్జీ చొక్కా కొలతలు తీసుకుంటే, అయిదో కిలోమీటరులో ఇచ్చిన గుడ్డ ఆరో కిలోమీటరు చేరేలోపు చొక్కా అయ్యేది.

ఒకనాడు చినుకులు పడుతుంటే రోడ్డు పక్కన ఒక నత్త వచ్చింది. కాసేపు వాళ్ళతో పాటు నడిచింది, తరవాత ముందుకెళ్ళిపోయింది.

"పోస్టమ్మగారూ, నత్త మిమ్మల్ని దాటేసింది," అన్నాడు డాక్టరు గాభరాగా.

"ట్రిప్పులో పేరు రాయించుకుందా?"

"లేదండీ."

"అయితే దానికి మన రూలు వర్తించదు. పోనివ్వండి."

మూడో నెలలో ఇంకో చిత్రం జరిగింది. వెనక నుంచి కొత్తగా రోడ్డు వేసుకుంటూ వస్తున్న రోడ్డు రోలరు వీళ్ళని అందుకుంది. డ్రైవరు హారన్ కొట్టాడు. డాక్టరు వెనక్కి నడిచివెళ్ళి రూలు వివరించాడు. డ్రైవరు మంచి మనిషి, "ఎవరూ దాటకూడదా?" అని రెండుసార్లు అడిగి, తలూపి, రెండు వారాలు వాళ్ళ వెనకే రోలరుని ముందుకీ వెనక్కీ నడిపాడు. ఆ ఆరొందల మీటర్లంత నున్నటి రోడ్డు ఊళ్ళో ఇంకెక్కడా లేదు, ఇప్పటికీ పిల్లలు వెళ్ళి దానిమీద గోళీలు పెట్టి చూస్తుంటారు. పైఅధికారి వచ్చి నాలుగు చీవాట్లు పెట్టాక డ్రైవరు పొలాల్లోంచి చుట్టూ తిరిగి వెళ్ళిపోయాడు. వెళ్తూ, పోస్టమ్మ తనకీ ఇచ్చిన కార్డు మీద పడిన నాలుగు ముద్రలూ చూసుకుని, "జీవితంలో మొదటిసారి మెల్లగా వెళ్ళమని అన్నవాళ్ళు మీరేనండీ" అని కళ్ళు తుడుచుకున్నాడు.

ఇదంతా అలా ఉంచండి. పోస్టమ్మకి కావలసింది ఒక్కటే, కూతురూ అల్లుడూ ఎలా ఉన్నారన్నది. అక్కడే ఆవిడ గుండె పొంగిపోయింది. ట్రిప్పు మొదట్లో ఇద్దరూ ప్రతిదానికీ తగువే. నీళ్ళ సీసా మూత బిగించలేదని, పాప టోపీ ఎవరు మర్చిపోయారని, గాలి ఎవరు కొట్టాలని. మూడో నెల వచ్చేసరికి ఆ తగువులు చేత్తో తీసేసినట్టు మాయమయ్యాయి. "ముందు నువ్వు తాగు." "పర్లేదు, మీరు తాగండి." "పాపకి స్వెట్టరు తెచ్చాను." "అయ్యో, థాంక్స్."

"విన్నావా?" అంది పోస్టమ్మ దర్జీ భార్య చెవిలో. "థాంక్స్ అనుకుంటున్నారు! మొగుడూ పెళ్ళాం!"

దర్జీ భార్య సూదిలో దారం ఎక్కిస్తూ తల ఎత్తలేదు. "నలభై ఏళ్ళలో మేం ఒక్కసారీ అనుకోలేదక్కా," అంది.

"అదే మరి. నేర్చుకోండి," అని పోస్టమ్మ ఆ సాయంత్రం కార్డుల మీద మరో పన్నెండు గళ్ళు గీసింది. ఇంకో ఏడాది ఇలాగే లాగితే పిల్లలిద్దరూ లాయరు పేరు కూడా మర్చిపోతారని ఆవిడ లెక్క. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు మరి.

సంతోషంగా లేనిది మనవరాలొక్కతే. "అమ్మమ్మా, ఒక్కసారి గట్టిగా తొక్కనా?" అని ప్రతి వారం అడిగేది. "వద్దు తల్లీ, ముందు నేనున్నాను కదా," అని ప్రతి వారం ఆవిడ చెప్పేది. ఈలోగా పిల్ల సీటు మూడుసార్లు పైకి లేపాల్సి వచ్చింది. నాలుగోసారి లేపడానికి రాడ్డు లేదు.

అలా ముప్పై ఒకటో శనివారం వచ్చింది. ఏడు నెలలు దాటింది, తొమ్మిది కిలోమీటర్లు అయ్యాయి. ఒక కల్వర్టు దగ్గర ఆగారు. మనవరాలి మోకాళ్ళు హ్యాండిలుకి కొట్టుకుని ఎర్రగా కందిపోయాయి. సైకిలు గడ్డిలో పడేసి, "నేనింక రాను" అని చతికిలబడింది. పోస్టమ్మ విననట్టే కార్డు పరిచి, పెన్సిలూ స్కేలూ తీసింది. కూతురొచ్చి పక్కన కల్వర్టు గట్టు మీద కూర్చుంది.

"ఇక్కడేం చూడాలమ్మా?"

పోస్టమ్మ అటూ ఇటూ చూసింది. "ట్రాన్స్‌ఫార్మరు," అంది. "చాలా పాతది."

"పోయిన వారం కూడా ట్రాన్స్‌ఫార్మరే చూశాం."

"అది వేరు. దానికి కంచె ఉంది."

కూతురు నవ్వలేదు. తల్లి చేతిలోంచి పెన్సిలు మెల్లగా తీసుకుంది.

"అమ్మా, మేం విడిపోయి అయిదు నెలలైంది."

"ఎవరు?" అంది పోస్టమ్మ.

కూతురు ఆ పెన్సిలుతోనే ముందు దూరంగా ఉన్న మొగుణ్ణి, తరవాత తన్ను చూపించింది. 

"అదెలా కుదురుతుందే? ఆఖరి ముద్ర పడలేదుగా!"

"లాయరు కార్డు అడగలేదమ్మా. రెండు నెలలు చూశాం. మాట తప్పకూడదని నేనే పట్టుబట్టి ఆపాను. ఆ తరవాత ఇక నా వల్ల కాలేదు. ఆయన లిఫ్టు ఆఫీసు వెనక వీధిలో ఇల్లు తీసుకున్నారు. శనివారం పొద్దున్న బస్టాపులో కలుసుకుని నీ దగ్గరికి వస్తున్నాం."

పోస్టమ్మ లేచింది. కొంచెం దూరంలో డాక్టరు ఒక మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి నోట్లోకి తొంగి చూస్తున్నాడు.

"డాక్టరుగారూ, మీకు తెలుసా ఈ సంగతి?"

డాక్టరు తల దించుకున్నాడు. నోరు తెరుచుకుని కూర్చున్న పేషెంటు కూడా తనకీ తెలుసన్నట్టు తలూపాడు.

"లోకమంతా తెలుసన్నమాట! ఊరందరి పళ్ళూ పీకుతారు, ఈ ఒక్క ముక్క మీ నోట్లోంచి పీక్కోలేకపోయారా?" ఆవిడ దర్జీ భార్య వైపు తిరిగింది. ఆమె అప్పటికే కుడుతున్న చొక్కాతోనే కళ్ళు ఒత్తుకుంటోంది. పోస్టమ్మ మళ్ళీ కూతురి మీదికి వచ్చింది. "మరెందుకొచ్చారే ప్రతి వారం? ఇన్ని నెలలు నన్ను వెర్రిదాన్ని చేసి ఆడించడానికా?"

"చెబుదామనే వచ్చేవాళ్ళం. నువ్వు మా ఇద్దర్నీ పక్కపక్కన చూసి మొహం చేటంత చేసుకునేదానివి. ఇవాళ కాదులే, వచ్చే వారం అనుకునేవాళ్ళం." కూతురు తల్లి చేతిలోంచి స్కేలు కూడా తీసేసుకుంది.  "వెనకబడ్డవాళ్ళని వదిలేసి పోకూడదని నువ్వే కదమ్మా నేర్పావు. మేమంతా ఎప్పుడో చేరిపోయాం. నువ్వొక్కదానివే ఇంకా రాలేదు."

పోస్టమ్మకి ముందు కోపమొచ్చింది, తరవాత సిగ్గేసింది. ఆ రెండూ పోయాక దుఃఖం ఒక్కటే మిగిలింది. కల్వర్టు మీద కూలబడి, ఎవరు చూస్తున్నారన్నది కూడా లేకుండా చిన్నపిల్లలా ఏడ్చింది. మనవరాలు వచ్చి ఆవిడ ఒళ్ళో చెయ్యి పెట్టింది.

"నాన్న ఇంట్లో నాకు నిచ్చెన ఉన్న మంచం ఉంది అమ్మమ్మా," అంది. "కింద కూడా ఒక పరుపుంది. నువ్వొస్తే పడుకోవచ్చు. నీకు చెప్పొద్దన్నారని చెప్పలేదు."

అల్లుడు దూరంగా ఆవిడ సైకిలు దగ్గర కూర్చుని బ్రేకులు బిగిస్తున్నాడు. బిగించాల్సిన పని లేదు, ఏడు నెలలుగా ఆ బ్రేకులకి అరుగుదలే లేదు. చివరికి చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"తప్పు నాదే ఎక్కువ," అన్నాడు. "తను ఎప్పుడో చెప్పేద్దామంది. నేనే వద్దన్నాను. చెప్పేశాక మిమ్మల్ని ఏమని పిలవాలో నాకు తెలియలేదు. మేడం అనాలా, పోస్టమ్మగారూ అనాలా... ఆలోచిస్తూంటే వారాలు గడిచిపోయాయి."

పోస్టమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. లేచి, కార్డు మడిచే ఓపిక లేక అక్కడే వదిలేసి, గడ్డిలో పడున్న పిల్ల సైకిలు లేపి రోడ్డు మీద నిలబెట్టింది.

"ఎక్కు. ఎంత గట్టిగా తొక్కుతావో తొక్కు."

"నిన్ను దాటొచ్చా?"

"దాటు."

పిల్ల ఎక్కిందే తడవు, దూసుకుపోయింది. కందిన మోకాళ్ళు రెండూ పక్కలకి చాపి, జుట్టు ఎగురుతుంటే, కేకలు పెడుతూ. "ఆగవే! నెమ్మది!" అని కూతురు వెంటపడింది. డాక్టరు పేషెంటుని నోరు తెరిచినవాణ్ణి తెరిచినట్టే వదిలేసి సైకిలెక్కాడు. దర్జీ భార్య కుట్టుమిషను దింపించి, మొదటిసారి పెడళ్ళ మీద కాళ్ళు మోపింది. ఆ సైకిలు ఒక్కసారిగా ముందుకి లంఘించేసరికి దర్జీ ఏం జరిగిందో తెలియక కెవ్వున అరిచాడు.

అందరి వెనకా పోస్టమ్మ బయల్దేరింది. ఇన్నాళ్ళూ నిలబడినట్టు తొక్కీ తొక్కీ ఆవిడ కాళ్ళు పరుగు మర్చిపోయాయి. తొడలు మండాయి, ఊపిరి అందలేదు, కళ్ళ నీళ్ళకి రోడ్డు సరిగ్గా కనబడలేదు. గుంపు చూస్తూండగానే మలుపు తిరిగి మాయమైంది. అల్లుడు ఒక్కడే పోలేదు. ఆవిడ పక్కనే, ఆవిడతో సమానంగా తొక్కుతున్నాడు.

"తొక్కగలరా?" అన్నాడు. ముందూ వెనకా ఏ పిలుపూ చేర్చలేదు.

ఆవిడ ఇంకో పాతిక గజాలు తొక్కింది. అతను రోడ్డు చూడ్డం లేదు, ఆవిడ మొహమే చూస్తున్నాడు.

"ముందు చూసి తొక్కు అల్లుడూ," అంది రొప్పుతూ. "ఇక్కణ్ణుంచి గుంటలున్నాయి."